శ్రీశైలం దారిలో ల్యాప్‌టాప్ జీపీఎస్: నా అనుభవం

హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్లినవాళ్లకి తెలుసు, మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫోన్‌లో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం, దోమలపెంట దాకా చాలా చోట్ల అసలు ఉండదు. నాన్నకి 74 ఏళ్లు. ఇప్పుడు ఏ ఊరు దాటాం, ఇంకెంత దూరం అని దారంతా చూసుకుంటూ వెళ్లడం ఆయనకి ఇష్టం, కానీ ఫోన్ తెర మీద అక్షరాలు ఆయన కళ్లకి ఆనవు. ఫోన్‌లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవచ్చు కదా అంటారు, నిజమే, డ్రైవింగ్‌కి నేనూ అదే పెట్టుకుంటాను. నాన్న కోసం మాత్రం ఇంట్లో ఉన్న పాత 15 అంగుళాల ల్యాప్‌టాప్‌నే మ్యాప్‌గా మార్చాలనుకున్నాను.

మామూలుగా ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ ఉండదు కాబట్టి యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న రిసీవర్ ఒకటి కొన్నాను, కింద అయస్కాంతం ఉంటుంది, కారు పైకప్పుకి అతుక్కుంటుంది. చాలామంది జీపీఎస్‌కి నెట్ కావాలనుకుంటారు. అవసరం లేదు. కనీసం 4 ఉపగ్రహాలు కనిపిస్తే మనం ఎక్కడున్నామో రిసీవరే లెక్క కట్టుకుంటుంది, నెట్ కావలసింది మ్యాప్ దించుకోవడానికే. ఆ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, అంటే జనమే కలిసి గీసి అందరికీ ఉచితంగా ఇచ్చే మ్యాప్. జియోఫాబ్రిక్ సైట్‌లో భారత్‌ని జోన్లుగా విడగొట్టి ఇస్తారు, దక్షిణ జోన్ ఫైల్ తీసుకుంటే తెలంగాణ, ఆంధ్ర రెండూ వచ్చేస్తాయి. దారి చూపించే ప్రోగ్రామ్ నావిట్. ఉచితం, విండోస్ బదులు వాడే ఉబుంటులో నడుస్తుంది, నెట్‌తో పని లేదు. దించిన ఫైల్‌ని నావిట్ చదివే రూపంలోకి మార్చడానికి మ్యాప్‌టూల్ అనే ప్రోగ్రామ్ దాంతోపాటే వస్తుంది, రాత్రి పడుకునే ముందు అది పెట్టి వదిలేశాను.

అసలు తిప్పలు రిసీవర్‌తో. ముందుగా దాన్నుంచి ఏం వస్తోందో నేరుగా చూద్దామని టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిస్తే తెర నిండా పిచ్చి గుర్తులే. రిసీవర్ 4800 బాడ్ (బాడ్ అంటే డేటా పంపే వేగానికి కొలత) వేగంతో పంపుతుంటే నేను 9600 పెట్టి చదువుతున్నాను. అది సరిచేయగానే జీపీఆర్‌ఎంసీ అని మొదలయ్యే వరసలు సెకనుకొకటి చొప్పున శుభ్రంగా రావడం మొదలైంది. వాటిలో టైమ్ మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది, అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం, కంగారు పడక్కర్లేదు. ఆ టైమ్ తర్వాత ఒక్క ఇంగ్లీషు అక్షరం ఉంటుంది చూడండి, అదే ముఖ్యం. వి అని ఉంటే ఇంకా స్థానం దొరకలేదని, ఏ అని ఉంటే దొరికిందని. హాల్లో కూర్చుని పావుగంట చూసినా వి మారలేదు, డాబా మీదకి తీసుకెళ్తే కొద్ది నిమిషాల్లో ఏ వచ్చింది. ఇంట్లో స్లాబ్ కింద పెట్టుకుని రిసీవర్ పాడైపోయిందనుకుని వెనక్కి పంపేయకండి.

ఆ వరసలో మెహిదీపట్నంలోని మా ఇంటికి అక్షాంశం, రేఖాంశం 1723.7, 07826.4 అని వచ్చింది. నేను దాన్ని 17.237, 78.264 అనుకుని మ్యాప్‌లో కొట్టాను. శంషాబాద్‌కి పడమర ఎక్కడో పొలాల్లో చూపించింది, ఇంటికి పాతిక కిలోమీటర్ల దూరం. రిసీవర్ మీదే అనుమానం వచ్చింది. రెండు రోజులు అలాగే వదిలేశాను. తర్వాత నావిట్ తెరవగానే మా ఊరు కనిపించేలా మారుద్దామని దాని సెట్టింగుల ఫైల్ తీస్తే అందులో ముందే 4808 ఎన్ (ఉత్తరం), 1134 ఈ (తూర్పు) అని ఉంది. అది జర్మనీలోని మ్యూనిక్, నావిట్ మొదటిసారి తెరిస్తే కనిపించేది ఆ ఊరే. మ్యూనిక్ అక్షాంశం చూస్తే 48.13. అంటే 4808లో 48 డిగ్రీలు, 08 నిమిషాలు! నిమిషాల్ని 60తో భాగిస్తేనే దశాంశం వస్తుంది. మా ఇల్లు 17 డిగ్రీల 23.7 నిమిషాలు, అంటే 17.395. అది కొట్టగానే మ్యాప్ మా వీధిలోకి వచ్చి ఆగింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను, నాన్నని పిలిచి చూపించాను.

మిగతావి తొందరగానే అయ్యాయి. నావిట్‌కీ రిసీవర్‌కీ మధ్య జీపీఎస్‌డీ అనే ప్రోగ్రామ్ పెడితే బాడ్ గొడవ అదే చూసుకుంటుంది. సెట్టింగుల ఫైల్‌లో నమూనా మ్యాప్ ఆపేసి మన మ్యాప్ ఒక్కటే ఆన్‌లో ఉంచాలి. చార్జింగ్‌కి కారు 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే ఇన్వర్టర్ తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌ని మాత్రం ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే చాలా ప్రమాదం. నాన్న వెనక సీట్లోనే కూర్చున్నారు.

అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు కాబట్టి తెల్లవారాకే బయల్దేరాం. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి. దిండి దగ్గర నాన్న "ఏరా, ఈ నీలంగా ఉన్నది చెరువేనా?" అని అడిగి, అద్దంలోంచి బయటికి చూసి, మళ్లీ తెర చూసి తల ఊపారు. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ పోయింది, బాణం గుర్తు మాత్రం రోడ్డు మీద కదులుతూనే ఉంది. ఫర్హాబాద్, వటవర్లపల్లి, పేర్లన్నీ ఆయనే పైకి చదివారు. ఒకప్పుడు ఆర్టీసీ బస్సులో ఈ దారిన వెళ్లినప్పుడు ఎక్కడెక్కడ ఆగేవాళ్లో చెప్పుకొచ్చారు, అవి నేను ఎప్పుడూ వినలేదు. దోమలపెంట దాటి ఘాట్‌లో దిగేటప్పుడు మలుపుల దగ్గర బాణం ఒకట్రెండు సార్లు పక్కకి జరిగి మళ్లీ రోడ్డెక్కింది, కొండ అడ్డొస్తే కొన్ని ఉపగ్రహాలు కనిపించవు కదా.

నావిట్‌లో లాగ్ ఆన్ చేసి ఉంచాను కాబట్టి వెళ్లిన దారంతా ఒక ఫైల్‌గా ఉంది. మ్యాప్‌లో పేరు లేని చోట్లు నాన్న కాగితం మీద రాసుకున్నారు, ఆదివారం ఇద్దరం కూర్చుని వాటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగులో ఎక్కిస్తాం.