అమ్మమ్మ దీపపు సెమ్మె బాగు చేయించిన కథ

నిన్న రాత్రే ఇంటికి తెచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు.

అమ్మమ్మ పోయాక నా వాటాకి వచ్చింది ఈ సెమ్మె. రెండడుగుల ఎత్తు, ఐదొత్తుల తట్ట, పైన హంస. అటక మీద ఉండి ఉండి చిలుము పట్టింది. నూనె పోస్తే తట్ట అడుగు నుంచి కారిపోతోంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇనుము మీద పూత కాదని తేలింది. చింతపండు, ఉప్పు వేసి తోమితే పీఠం మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. అమ్మమ్మ పేరు, పక్కన 1941. ఆవిడ పెళ్లయిన ఏడాది! పుట్టింటి సారెలో వచ్చిందన్నమాట.

మా ఊళ్లో ఒక ఇత్తడి కొట్టుకి పట్టుకెళ్లాను. ఆయన మరలు విప్పి ముక్కలన్నీ కాటాలో పడేశాడు. "నాలుగు కిలోల రెండొందలు. పాత సామాను రేటు కట్టిస్తా, కొత్తది తీసుకోండి" అన్నాడు. అమ్మడానికి రాలేదండీ, కారడం ఆపితే చాలు అన్నాను. "కంచో ఇత్తడో చూడొద్దా?" అంటూ నేను వద్దనేలోపే ఆకురాయితో పీఠం మీద బరబరా గీశాడు. సరిగ్గా పేరు మీదే! చివరి అక్షరం సగం లేచిపోయింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "దీనికే ఏడుస్తారేంటమ్మా, బఫింగ్ కొట్టిస్తే గీతలన్నీ పోతాయి" అన్నాడు. బఫింగంటే మిషను మీద పైపొర అరగదీసి మెరుగు పెట్టడమేగా, గీతలతో పాటు పేరూ పోతుందని ఆయనకి తెలీదా? కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ముక్కలు కొంగులో మూటకట్టుకుని వచ్చేశాను.

పాత ఇత్తడి ఉన్నవాళ్లకి నా మాట ఒక్కటే. అమ్మేవాడి చేతిలో పెట్టకండి, చేసేవాడి దగ్గరికే వెళ్లండి. బఫింగ్ అన్న మాట వినపడితే వెనక్కి తిరగండి.

తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి పని తరాలుగా ఉంది. అక్కడొక పెద్దాయన సెమ్మె చూడగానే "ఎవరి పేరమ్మా ఇది?" అని అడిగారు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. "కంచైతే మోత చాలాసేపు నిలుస్తుంది. ఇది ఇత్తడే. కంచుకి రాగిలో తగరం, దీనికి జింకు" అన్నారు. గీయలేదు, కోయలేదు. తట్టలో మర దగ్గర సూది బెజ్జం దొరికింది. వెలిగారం వేసి ఇత్తడితోనే టంకం పెట్టారు. తర్వాత చిన్న ఉలి తీసి, "అక్షరం పూర్తి చేయమంటావా తల్లీ?" అన్నారు. నాలుగు చుక్కలు కొట్టారు.

రాత్రి తట్ట నిండా నూనె పోసి, కింద పాత పేపర్ పరిచి పడుకున్నాను. పొద్దున చూస్తే పేపర్ పొడిగానే ఉంది.