అనేకకోటి బ్రహ్మాండాలలో మన చిరునామా

మహాసంకల్పాన్ని నేను మనసు పెట్టి విన్నది మా అన్నయ్య కూతురి పెళ్లిలోనే. కన్యాదానం వేళ. పందిరంతా సందడి. వదిన చెంబు నిండా నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. పురోహితుడు మాత్రం తొందరపడలేదు. మహాజలరాశి మధ్య పరిభ్రమిస్తున్న ‘అనేకకోటి బ్రహ్మాండానాం ఏకతమే’ అని అందుకున్నారు. అన్ని కోట్ల బ్రహ్మాండాలలో ఒకానొక దానిలో అని. అక్కడి నుంచి లోకాలు, ద్వీపాలు, సముద్రాలు, పర్వతాలు, నదులు దాటుకుంటూ దిగి వచ్చి, ఫలానావారి నప్త్రీం, ఫలానావారి పౌత్రీం, ఫలానావారి పుత్రీం అంటూ పెళ్లికూతురి ముత్తాత, తాత, తండ్రి పేర్లు మూడుసార్లు చదివారు. ఆ ముత్తాత మా తాతయ్య. వానాకాలం చదువు, నాలుగెకరాల పొలం, పక్క తాలూకా దాటని బతుకు. బ్రహ్మాండాల వరుసలో ఆయన పేరు వినబడగానే ఒళ్లు జలదరించింది.

రోజూ పూజలో చెప్పుకొనే చిన్న సంకల్పంలోనూ ఇదే నడక. ‘ద్వితీయపరార్ధే శ్వేతవరాహకల్పే వైవస్వతమన్వంతరే కలియుగే ప్రథమపాదే...’ బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, రాత్రి కూడా అంతే. అటువంటి రోజులు 360 అయితే ఒక ఏడు, అటువంటి నూరేళ్లు ఆయన ఆయుష్షు. మన లెక్కలో 3,11,04,000 కోట్ల సంవత్సరాలు. ద్వితీయపరార్ధమంటే అందులో సగం గడిచిపోయిందని అర్థం. ఇప్పుడు నడుస్తున్నది 51వ ఏట మొదటి రోజు. సృష్టి చేసినవాడికే సగం ఆయువు తీరిందన్న మాటను ఆచమనం చేసి, చేతిలో అక్షతలు పట్టుకుని, ఏ బెదురూ లేకుండా పలుకుతున్నాం. ఇన్నేళ్లుగా పలుకుతూ కూడా నేను దాన్ని పట్టించుకోలేదు.

ఖగోళ శాస్త్రం లెక్క వేరు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మనం చూడగలిగిన మేరకే దాని అడ్డుకొలత సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ అంచు అవతల ఎంత ఉందో కొలిచే దారి లేదు. విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని, దూరాన పేలిన నక్షత్రాల వెలుగును బట్టి 1998లో తేలింది. ఇలాగే సాగితే గెలాక్సీలు ఒకదానికొకటి కనబడనంత దూరమవుతాయి, నక్షత్రాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, చివరికి మిగిలేది చలీ చీకటీ. పురాణాల అంకెలను ఈ అంకెలతో బలవంతాన అతికించడం నాకు నచ్చదు. పురాణాన్ని నమ్మడానికి నాకు దుర్భిణి సాక్ష్యం అవసరం లేదు. అయితే ఆ చివరి చీకటి గురించి చదివిన ప్రతిసారీ పోతన పద్యం నోటికి వస్తుంది.

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకం బగు పెం
జీఁకటి కవ్వల నెవ్వఁడు
నేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

లోకాలు, వాటిని ఏలేవారు, వాటిలో ఉండేవారు అందరూ పోయాక మిగిలే పెనుచీకటి. పోతన అక్కడ ఆగలేదు, ‘అవ్వల’ అన్నాడు. ఆ ఒక్క మాట మీద నేను ఎన్ని రాత్రులు నిలిచిపోయానో. ఇది మేడ మీద తీరిగ్గా పడుకుని చుక్కలు చూస్తూ అన్న మాట కాదు. మడుగులో మొసలి కాలు పట్టి లాగుతుంటే, బలమంతా ఉడిగిపోయిన ఏనుగు అన్న మాట. నొప్పి కాలి దగ్గరే ఉంది, చూపు మాత్రం ప్రళయాన్ని కూడా దాటిపోయింది. ఆ చీకటికి అవతల వెలిగేవాడు ఎక్కడికి వచ్చాడు? ఒక్క మడుగు దగ్గరికి, ఒక్క ఏనుగు కోసం, పరుగున వచ్చాడు.

సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో అంత వివరంగా ఎందుకు చెబుతామో అప్పుడు బోధపడింది. రావలసినవాడికి దారి చెబుతున్నాం. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో జంబూద్వీపే అనే చోట క్రౌంచద్వీపే అంటారు. ఇల్లు మారితే చిరునామా మార్చి చెప్పుకోవలసిందే కదా.

పెళ్లిలో మా తాతయ్య పేరు మూడోసారి వినబడింది. అన్నయ్య దోసిలి చాచాడు. వదిన చెంబు వంచింది.