ట్రౌట్ నోట్‌బుక్: పైన మచ్చలు, లోపల రంగు

ట్రౌట్ అంటే చల్లటి, తేట నీళ్లలో బతికే చేప. ఈ సీజన్ నుంచి పట్టిన ప్రతి ట్రౌట్‌కీ నోట్‌బుక్‌లో రెండు పేజీలు కేటాయిస్తున్నాను. మొదటిది జాతి గుర్తింపుకి, రెండోది కోశాక కనిపించే కండ రంగుకి. తిరిగి నీళ్లలో వదిలేసిన చేపకి మొదటి పేజీ మాత్రమే నిండుతుంది. ఎక్కువ చేపలు అలాంటివే, అందుకని రెండో పేజీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి.

ఇలా విడగొట్టడానికి కారణం ఉంది. "లోపల ఎర్రగా ఉంటే ఫలానా జాతి, తెల్లగా ఉంటే ఇంకోటి" అనే మాట గాలం వేసేవాళ్ల మధ్య బాగా తిరుగుతుంటుంది. నేను దాన్ని ఒప్పుకోను. చేప పేరు కత్తి పెట్టకముందే తేలిపోవాలి. కండ రంగు చెప్పేది వేరే సంగతి: ఆ చేప ఏం తింది, ఎంత వయసుది, గుడ్లు పెట్టే కాలానికి ఎంత దగ్గర్లో ఉంది.

మంచు కరిగిన కొత్తలో

కొండ సరస్సుల్లో గుర్తింపు కష్టం కావడానికి ముఖ్య కారణం వెండి రంగు. ఒడ్డుకి దూరంగా, తేట నీళ్లలో తిరిగే చేపల చర్మంలో, పొలుసుల కింద గ్వానిన్ స్ఫటికాలు పేరుకుంటాయి. దాంతో ఒళ్లంతా అద్దంలా మెరుస్తుంది. రెయిన్‌బో ట్రౌట్ పక్కల మీది గులాబీ పట్టీ వెలిసిపోతుంది, బ్రౌన్ ట్రౌట్ ఎర్ర చుక్కలు మసకబారతాయి. వాగులో పట్టిన చేపల ఫొటోలతో పోలిస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. అందుకే ఒంటి రంగుని చివరికి నెట్టేసి, మిగతావాటిని ఒక వరసలో చూస్తున్నాను.

మొట్టమొదట మచ్చలు. లేత ఒంటి మీద ముదురు మచ్చలా, ముదురు ఒంటి మీద లేత మచ్చలా? లేత మచ్చలైతే అది చార్ వర్గం, అంటే ట్రౌట్‌కి దగ్గరి బంధువులు: బ్రూక్, లేక్ ట్రౌట్, బుల్ ట్రౌట్, ఆర్కిటిక్ చార్. ముదురు మచ్చలైతే రెయిన్‌బో, కట్‌త్రోట్, బ్రౌన్‌లలో ఏదో ఒకటి. ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది.

తర్వాత తోక. వెండి చేపల విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది దీన్నే. రెయిన్‌బో తోక నిండా చిన్న నల్ల మచ్చలు, మొదలు నుంచి అంచుదాకా వరసలుగా ఉంటాయి. బ్రౌన్ తోక దాదాపు ఖాళీ. మహా అయితే పై అంచు దగ్గర ఒకటో రెండో మసక చుక్కలు. వీపు మీద తోకకి ముందు ఉండే చిన్న కండలాంటి రెక్క కూడా సాయపడుతుంది. బ్రౌన్‌లో దాని అంచు తరచుగా నారింజ లేదా ఎరుపు, రెయిన్‌బోలో సాధారణంగా నల్ల అంచు.

బ్రూక్ ట్రౌట్‌కి ఇంత తతంగం అక్కర్లేదు. పొట్ట కింది రెక్కల ముందంచున తెల్ల గీత, దాన్ని ఆనుకుని నల్ల గీత, వీపు మీద పురుగు పాకినట్టు మెలికలు. లేక్ ట్రౌట్ అయితే తోక లోతుగా చీలి ఉంటుంది. బుల్ ట్రౌట్ ఉండే నీళ్లలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. అమెరికాలో అలాస్కా, హవాయి కాక మిగిలిన 48 రాష్ట్రాల్లో అది 1999 నుంచి ముప్పులో ఉన్న జాతిగా రక్షణలో ఉంది. దాని వీపు రెక్క మీద నలుపు ఉండదు, బ్రూక్ రెక్క మీద నల్లటి మెలికలు తప్పకుండా ఉంటాయి. అక్కడ సందేహం వస్తే చేపని వెంటనే వదిలేయడమే.

కట్‌త్రోట్‌కి దవడ కింద ఎర్రటి గాటు గుర్తు. వెండి చేపల్లో అది లేతగా ఉంటుంది కాబట్టి దవడని కొంచెం చాపి చూడాలి. నాలుక వెనక, గొంతు మొదట్లో సన్నటి పళ్లు ఉంటే కట్‌త్రోటే. రెయిన్‌బోకి అవి ఉండవు. ఈ పరీక్ష తినడానికి ఉంచుకున్న చేప మీదే చేస్తాను, బతికున్నదాని గొంతులో వేలు పెట్టను. రెయిన్‌బోతో కలిసి పుట్టిన సంకరాలు రెండు వైపుల లక్షణాలూ చూపిస్తాయి కాబట్టి వాటికి "కట్‌బో కావచ్చు" అని రాసి వదిలేస్తున్నాను.

ఫొటో విషయం. చేప చచ్చిన కాసేపటికే రంగులు మారిపోతాయి, మచ్చలు కూడా ముదరొచ్చు, వెలిసిపోవచ్చు. అందుకని వలలో, నీళ్లలో ఉండగానే మూడు ఫొటోలు: పక్క నుంచి మొత్తం, తోక దగ్గరగా, కింది రెక్కలు. చేతులు తడిపాకే ముట్టుకోవాలి, నా నీడ చేప మీద పడేలా నిలబడాలి. ఎండలో తీస్తే ఆ వెండి మెరుపులో ఏమీ కనపడదు.

కండ రంగు

ఇక రెండో పేజీ. ట్రౌట్ కండలోని గులాబీ, నారింజ రంగులకి ముఖ్య కారణం ఆస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ (క్యారెట్‌కి రంగిచ్చే పదార్థాల కుటుంబానికి చెందినది). దాన్ని చేప సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. నాచులోని కెరోటినాయిడ్లని తిని ఆస్టాజాంథిన్‌గా మార్చుకునేది రొయ్య జాతి చిన్న జీవులు: గామరస్, డాఫ్నియా, కోపెపాడ్లు. వాటిని తిన్న ట్రౌట్ కండకి రంగు పడుతుంది. పెంపకం ట్రౌట్‌కి దాణాలో ఇదే పదార్థం కలుపుతారు. అందుకే హేచరీలో (చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో) పెరిగి కొత్తగా సరస్సులో వదిలిన చేప కండ ఆ దాణా గురించి చెబుతుంది తప్ప సరస్సు గురించి కాదు. అరిగిపోయిన వీపు రెక్క, మొద్దుబారిన పక్క రెక్కలు కనిపిస్తే ఆ పేజీ మీద పెద్దగా "హేచరీ" అని రాస్తున్నాను.

పెంపకందారులు రంగు కొలవడానికి 20 నుంచి 34 దాకా అంకెలున్న సాల్మోఫ్యాన్ అనే రంగు పట్టీల విసనకర్ర వాడతారు. నాకు అంత అవసరం లేదు. తెల్లటి దంతపు రంగు నుంచి ముదురు నారింజ దాకా ఐదు మెట్లతో నేనే ఒక కార్డు చేసుకుని లామినేట్ చేయించాను. కార్డుకన్నా పద్ధతి ముఖ్యం. చేపని చంపగానే మొప్పలు కోసి రక్తం పోనివ్వాలి, లేకపోతే కండలో మిగిలిన రక్తం ఎరుపుని పెంచి చూపిస్తుంది. రంగు ఎప్పుడూ ఒకే చోట చూడాలి. నేను వీపు రెక్క వెనక, ఒంటి పక్కన పొడవునా సాగే గీతకి పైన చూస్తున్నాను. ఒకే చేపలో కూడా తలవైపు, తోకవైపు, పొట్ట దగ్గర రంగు తేడా ఉంటుంది. నీడలో, కోసిన కొద్ది నిమిషాల్లోనే కార్డు పక్కన పెట్టి ఫొటో తీయాలి.

పొట్టలో ఏముందో చూడకపోతే ఈ పేజీకి అర్థం లేదు. తెల్ల పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, జీర్ణాశయాన్ని అందులో చీల్చి, పుల్లతో విడదీస్తాను.

నాచు ఎక్కువగా ఉన్న ఒక సరస్సులో పట్టిన చేప గురించి రాయాలి. 38 సెంటీమీటర్లు, అచ్చం వెండి కడ్డీ. దూరం నుంచి రెయిన్‌బో అనే అనిపించింది. తోక తిప్పి చూస్తే ఖాళీ, చిన్న రెక్క కొసన నారింజ గీత, పైదవడ ఎముక కన్ను వెనక్కి దాటి ఉంది. బ్రౌన్. కోస్తే కార్డులో నాలుగో మెట్టు. పళ్లెంలో గామరస్‌లు వంకరలు తిరిగి గుట్టగా పడ్డాయి. పైన ఉన్నవి ఇంకా బూడిద-ఆకుపచ్చగా, అడుగున సగం అరిగినవి నారింజగా. బతికున్నప్పుడు వాటి ఒంట్లో ఆస్టాజాంథిన్ ప్రొటీన్‌తో ముడిపడి ఉండి అసలు రంగు బయటపడదు. ఆ ముడి విడగానే నారింజ తేలుతుంది. రొయ్య ఉడికితే ఎర్రబడటం కూడా ఇదే. అదే సరస్సులో అదే సైజు రెయిన్‌బో కండ కూడా నాలుగో మెట్టే వచ్చింది. జాతులు రెండు, రంగు ఒకటి.

పైనున్న రాతి సరస్సులో రెయిన్‌బో దీనికి పూర్తిగా వేరు. కండ లేత దంతపు రంగు, ఒకటో మెట్టు. పళ్లెంలో చీమలు, రెక్కల పురుగులు, ఎర్రటి కైరోనమిడ్ (దోమలా ఉండి కుట్టని పురుగు) లార్వాలు. ఆ లార్వాల ఎరుపు చూసి కండకి రంగు రావాలి కదా అనుకోవచ్చు. కానీ వాటి ఎరుపు హీమోగ్లోబిన్ వల్ల వచ్చేది. అది అరిగిపోతుంది తప్ప కండలో రంగుగా చేరదు. గామరస్‌లకి పైపెంకు కట్టుకోవడానికి కాల్షియం కావాలి. గ్రానైట్ గిన్నెలో నిలిచిన మెత్తటి నీళ్లలో అది తక్కువ, కాబట్టి అవీ తక్కువే.

ఆకులు రాలే కాలం

ఈ నెలల్లో లెక్క తారుమారైంది. నాలుగో మెట్టు వచ్చిన సరస్సులోనే, ఒడ్డుకి చేరుతున్న ఆడ బ్రౌన్ రెండో మెట్టు ఇచ్చింది. గుడ్లు మాత్రం నిండు నారింజ. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడితే కండలోని రంగు ఆడవాటిలో గుడ్లలోకి, మగవాటిలో ఎక్కువగా చర్మంలోకి తరలిపోతుంది. బ్రౌన్, బ్రూక్ గుడ్లు పెట్టేది ఆకురాలే కాలంలో, రెయిన్‌బో సాధారణంగా వసంతంలో. అంటే ఒకే సరస్సులో ఏప్రిల్‌లో రెయిన్‌బో లేతగా, అక్టోబర్‌లో బ్రౌన్ లేతగా ఉండటం మామూలే. ఏ నెలో రాయకుండా రంగు మాత్రమే రాస్తే "ఫలానా జాతి తెల్లది" అన్న మాటకి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. చిన్న చేపల సంగతి కూడా ఇలాంటిదే. ఏం తిన్నా వాటి కండలో రంగు అంతగా నిలవదు, అందుకని 25 సెంటీమీటర్ల లోపు వాటిని రంగు పట్టికలో కలపట్లేదు.

రుచి గురించి అడిగేవాళ్లు చాలామంది. నా నాలుకకి రంగుకన్నా కొవ్వు తేడానే తెలుస్తుంది. గుడ్లకే బలమంతా పోసేసిన చేప ఎర్రగా ఉన్నా చప్పగానే ఉంటుంది.

పట్టికలో ఇప్పుడు కొత్త గడి చేర్చాను: కోయకముందు అంచనా. గాలం వేసేముందు సన్నటి వలతో ఒడ్డు నాచుని రెండు మూడు చోట్ల దులిపి, గామరస్‌లు ఎన్ని పడ్డాయో చూసి, మెట్టు నంబర్ రాసేస్తాను. జాతి పేరుకి ఆ గడిలో చోటు లేదు. నాచు సరస్సుల్లో అంచనా బాగానే కుదురుతోంది. లోతైన సరస్సుల్లో కుదరట్లేదు, ఎందుకంటే అక్కడి చేప ఒడ్డు వదిలి డాఫ్నియా, కోపెపాడ్ల మీద బతుకుతుండొచ్చు. వాటికి నాచు వల సరిపోదు. మంచు మళ్లీ కరిగేలోపు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవుల) వల ఒకటి కుట్టుకోవాలి. గుడ్డ కన్ను పావు మిల్లీమీటరుకి మించకుండా చూసుకోవాలి, లేకపోతే చిన్న డాఫ్నియాలు జారిపోతాయి.