చన్నీళ్ళ స్నానం మానేశాక పట్టిన నిద్ర

మూడేళ్ళు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి, ఏప్రిల్‌లో డే షిఫ్ట్‌కి మారాను. డ్యూటీ మారింది కానీ నిద్ర మారలేదు. పదకొండింటికి పడుకుంటే మూడు దాకా అటూ ఇటూ దొర్లడమే. మూసాపేటలో మాది పై అంతస్తు. ఆ వేళప్పుడు కూడా గోడకి చెయ్యి ఆనిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన చీరలా వెచ్చగా తగిలేది. ఫ్యాన్ ఆ వేడినే కిందికి తోసేది.

ఎండల వల్లే అనుకుని పడుకోబోయే ముందు చన్నీళ్ళు పోసుకునేదాన్ని. ఫ్రిజ్‌లో నీళ్ళు కూడా బకెట్లో కలిపేదాన్ని. ఒళ్ళు జిల్లుమని, వస్తున్న కునుకు కాస్తా ఎగిరిపోయేది.

డాక్టరు గారు చెప్పాక అర్థమైంది. ఒంటి లోపలి వేడి సాయంత్రానికి బాగా పెరిగి, రాత్రికి తగ్గుతూ, తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువకి చేరుతుంది. తేడా ఒక డిగ్రీ సెల్సియస్‌కి కాస్త అటూ ఇటూ, అంతే. అది దిగేటప్పుడే నిద్ర ముంచుకొస్తుంది. దిగాలంటే అరచేతులు, అరికాళ్ళ గుండా వేడి బయటికి పోవాలి. మరీ చల్లటి నీళ్ళు పడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఆ దారే మూసుకుంటుంది. గోరువెచ్చటి నీళ్ళు దాన్ని తెరుస్తాయి. "అరికాళ్ళు వెచ్చగా ఉంటేనే నిద్ర పడుతుందే" అని చలికాలంలో అమ్మ కొబ్బరినూనె రాసేది. ఆ మాటలో ఇంత ఉందని నాకు తెలియదు.

అప్పట్నుంచి తొమ్మిదిన్నరకే వెచ్చటి స్నానం. మే నెలలో గీజర్ ఎందుకు, ట్యాంకు నీళ్ళే సరిపోయాయి. టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కూడా 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, పడకకి గంటా రెండు గంటల ముందు 40–42 డిగ్రీల నీళ్ళు మేలని తేల్చారు. స్లాబు మీద నీళ్ళు చల్లమన్నారు కొందరు. ట్యాంకర్ కొనుక్కునే చోట నాకు మనసొప్పలేదు. డాబాలు ఎండకి వేడెక్కకుండా ఉండాలని 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం గురించి చెప్పి ఓనర్ ఆంటీని ఒప్పించి, స్లాబుకి తెల్ల సున్నం కొట్టించాను.

కష్టమైంది పొద్దున్నే లేవడం. ఎప్పుడు పడుకున్నా ఆరింటికి లేచి, అరగంట డాబా మీద వెలుతురులో నడవాలి. మెదడులోని గడియారానికి టైం చెప్పేది ఆ వెలుతురే. మొదటి వారం ఆఫీసులో తల దిమ్ముగా ఉండేది, ఒకరోజు ఏడ్చేశాను కూడా. అయినా సాయంత్రం ఇరానీ చాయ్ ముట్టలేదు. రెండో వారంలో ఒంటిగంటకి, ఆ తర్వాత పన్నెండుకి కన్ను మూతపడింది.

నిన్న ఆదివారమైనా ఆరింటికే లేచాను. రాత్రి చివరిసారి ఫోన్‌లో టైం చూసినప్పుడు పదకొండుంపావు.