సోడా తాగితే అరుగుతుందా?

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు, పైన ఓ ముంత మసాలా. కాసేపటికి పొట్ట బరువెక్కితే నిమ్మసోడా. పెద్ద త్రేనుపు రాగానే ‘హమ్మయ్య, అరిగింది’ అంటాం. అరగలేదండీ. బయటికొచ్చింది సోడాలో గాలే, బజ్జీలు ఉన్నచోటే ఉన్నాయి.

తిన్నది ఎప్పుడు దిగాలన్నది జీర్ణాశయం చేతిలో లేదు. ఆ పెత్తనం దాని కింద ఉన్న ఆంత్రమూలానిది, అంటే చిన్నపేగులో మొదటి 25 సెంటీమీటర్లది. జీర్ణాశయం నిమిషానికి సుమారు 3 సార్లు ముడుచుకుంటూ తిన్నదాన్ని పైలోరస్ అనే కింది ద్వారం వైపు తోస్తుంది. ఆ సందులోంచి దూరేవి దాదాపు 1-2 మిల్లీమీటర్లకు నలిగిన ముక్కలే. సరిగా నమలని పల్లీ వెనక్కి పోయి మళ్లీ నలగాల్సిందే.

ఆంత్రమూలానికి నూనె తగలగానే దాని గోడలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ని రక్తంలోకి వదులుతాయి. పిత్తాశయం ముడుచుకుని పైత్యరసం దిగుతుంది, క్లోమం ఎంజైములు పంపుతుంది. అదే హార్మోన్ పైలోరస్‌ను బిగించి, జీర్ణాశయం పైభాగాన్ని వదులు చేస్తుంది. ‘ముందు పంపింది పూర్తికానీ, మిగతాది ఆపు’ అన్నట్టు. ఆమ్లం తగిలితే సెక్రెటిన్ వస్తుంది, దాంతో క్లోమం బైకార్బొనేట్ వదిలి పులుపు విరుస్తుంది. 1902లో బ్రిటన్ శాస్త్రవేత్తలు బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టిన ఈ సెక్రెటిన్‌తోనే హార్మోన్ల శాస్త్రం మొదలైంది.

అందుకే మామూలు భోజనం దాదాపుగా ఖాళీ కావడానికి 4 గంటలు పడితే, నూనె వంటకాలకి ఇంకా ఎక్కువ పడుతుంది. బరువుగా ఉండటం జబ్బు కాదు, ఆ బిగింపు పనిచేస్తోందని అర్థం.

సోడా గ్యాస్ జీర్ణాశయం పైభాగాన్ని సాగదీస్తే అన్నవాహిక చివరున్న కండరం తెరుచుకుంటుంది. గాలితోపాటు ఆమ్లమూ ఎక్కొచ్చు. జీర్ణాశయానికి జిగురు పొర కాపలా ఉంది, అన్నవాహికకు అంత లేదు, అందుకే మంట. వెంటనే పడుకుంటే మరీనూ.

రాత్రి భోజనానికీ పడకకీ 3 గంటలు ఎడం ఉంచండి. ఎడమవైపు తిరిగి పడుకోండి. మంట తరచూ వస్తుంటే తలవైపు మంచం కోళ్ల కింద 15-20 సెంటీమీటర్ల దిమ్మలు పెట్టండి. దిండ్లు పేర్చితే నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా ఎండోస్కోపీ సంగతి డాక్టర్ని అడగండి.

ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగుడు ఉంటే దాన్ని గ్యాస్ అనుకోకండి. సోడా కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయండి, వెంటనే ఈసీజీ తీయించాలి.