సముద్రం పక్కన ఫ్యాక్టరీ: వరద ముప్పు అంచనా వేసిన నా అనుభవం

తీరానికి దగ్గర్లో కట్టబోయే ఒక రసాయనాల నిల్వ కేంద్రానికి వరద ముప్పు అంచనా వేసే పని నాకు వచ్చింది. యాజమాన్యం అడిగింది ఒక్కటే: “నేలను ఎంత మెరక చేయాలో చెప్పండి, చాలు.” ఆ అంకె వాళ్లకు చివర్లో ఇచ్చాను. అయితే అసలు శ్రమ అక్కడ లేదు. నీళ్లు ఆ మట్టాన్ని దాటిన రోజు లోపల ఏమవుతుంది? మనం మెరక చేశాక ఆ నీళ్లు ఎవరి మీదికి పోతాయి? నాకు ఎక్కువ కాలం పట్టింది ఈ రెండు ప్రశ్నల దగ్గరే. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదట లెవెళ్లు తేల్చుకోవాలి. ఆటుపోట్ల పట్టికల్లో ఎత్తులు చార్ట్ డేటమ్ నుంచి ఉంటాయి, అంటే సముద్రం మామూలుగా అంతకంటే కిందికి దిగని మట్టం నుంచి. నేల సర్వేలో మాత్రం సాధారణంగా సగటు సముద్ర మట్టం నుంచి కొలుస్తారు. ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉన్న తీరాల్లో ఈ రెండింటి మధ్య మీటర్ల తేడా ఉంటుంది. పోటు 4 మీటర్లు, నేల 3 మీటర్లు అని పక్కపక్కన రాసుకుంటే ఆ పోలికకు అర్థమే ఉండదు. అందుకే సర్వేయర్‌తో కూర్చుని, ప్రతి అంకె ఏ బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తు) నుంచి వచ్చిందో రాయించుకున్నాకే లెక్కలు మొదలుపెట్టాను.

తర్వాత ‘వందేళ్ల వరద’ మీద చర్చ. వందేళ్లకోసారి వచ్చేదే కదా, మన ప్లాంటు ఉండేది యాభై ఏళ్లే కదా అన్నారు మీటింగ్‌లో. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉన్న వరద. యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. రెండు వందల ఏళ్ల వరద తీసుకున్నా 22 శాతం. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక ఎవరూ ఆ వాదన మళ్లీ ఎత్తలేదు.

దీనికి సముద్ర మట్టం పెరుగుదల కలపాలి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం, 1995–2014 సగటుతో పోలిస్తే 2100 నాటికి సముద్రం పెరిగేది, ఉద్గారాలు బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటర్లు, బాగా పెరిగితే 0.63 నుంచి 1.01 మీటర్లు. ఈ ప్లాంటు మూతపడినా ఆ స్థలంలో ఇంకో పరిశ్రమ వస్తుంది కాబట్టి పై అంచు అంకెతో కూడా పరీక్షించాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది సముద్రం కాదు, వాన. సైట్‌లో పడ్డ నీరు డ్రైన్ గుండా బయటికి పోవాలి. సముద్రపు నీరు వెనక్కి రాకుండా ఆ డ్రైన్ చివర ఫ్లాప్ గేటు పెడతారు. పోటు వచ్చినప్పుడు బయటి నీటి బరువుకు ఆ గేటు మూసుకుపోతుంది. ఉప్పెన కూడా తోడైతే, సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయానికైనా తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. తుపానులో ఉప్పెన, కుండపోత వాన ఇంచుమించు కలిసే వస్తాయి. పది హెక్టార్ల కాంక్రీటు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే పదివేల ఘనపు మీటర్ల నీరు. గేటు మూసి ఉంటే అదంతా మన ప్రాంగణంలోనే. సముద్రం ఒక్క చుక్క లోపలికి రాకుండానే ప్లాంటు మునుగుతుందన్నమాట. ఈ ఒక్క లెక్కతో లేఅవుట్ మారింది: నీటిని పట్టి ఉంచే చెరువు, ఎత్తు మీద పంపులు, రసాయనాలు కలిసే చోట పడ్డ నీటికి వేరే తొట్టి వచ్చి చేరాయి.

ఇక ట్యాంకులు. 20 మీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు ట్యాంకు ఖాళీగా ఉంటే వంద టన్నుల లోపే తూగొచ్చు. దాని అడుగు విస్తీర్ణం 314 చదరపు మీటర్లు. చుట్టూ 35 సెంటీమీటర్ల సముద్రపు నీరు నిలిస్తే చాలు, పైకి లేపే బలం 110 టన్నులు దాటుతుంది. అంటే మోకాలి లోతు కూడా అక్కర్లేదు, పునాదికి బిగించే యాంకర్లు లేని ఖాళీ ట్యాంకు తేలిపోతుంది. 2005లో కత్రినా తుపాను సమయంలో అమెరికాలోని లూసియానాలో మర్ఫీ ఆయిల్ రిఫైనరీ ట్యాంకు ఒకటి, లోపల కొంత చమురు ఉండగానే పునాది మీంచి కదిలింది. దాదాపు 25 వేల బ్యారెళ్ల చమురు బయటపడి పక్కనున్న ఇళ్లలోకి చేరింది. అందుకని తుపాను హెచ్చరిక రాగానే ఏ ట్యాంకులో కనీసం ఎంత మట్టం ఉంచాలో ఒక్కోదానికీ పట్టిక తయారుచేశాం.

కరెంటు గురించి చెప్పడానికి 2017 నాటి టెక్సాస్ ఉదాహరణ చాలు. హార్వీ తుపానులో క్రాస్బీలోని ఆర్కెమా ప్లాంటు మునిగి, బ్యాకప్ జనరేటర్లతో సహా కరెంటు పోయింది. చల్లగా ఉంచాల్సిన ఆర్గానిక్ పెరాక్సైడ్లు అనే రసాయనాలు వేడెక్కి మండిపోయాయి. జనరేటరు ఉందా అని అడిగితే సరిపోదు, అది ఏ ఎత్తులో ఉందో అడగాలి. కేబుళ్లు వెళ్లే భూగర్భ మార్గాలను కూడా చూడాలి. 1999 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని బ్లాయే అణు విద్యుత్ కేంద్రంలో, కట్ట దాటిన నీరు అలాంటి మార్గాల గుండానే పాకింది.

మెరక విషయంలో యాజమాన్యంతో గట్టిగానే వాదన జరిగింది. సైట్ మధ్యలోంచి ఒక పాత పల్లపు దారి పోతుంది, ఎగువ పొలాల వాన నీరు దాని గుండానే సముద్రానికి చేరేది. దాన్ని పూడిస్తే స్థలం కలిసొస్తుందని వాళ్ల ఆలోచన. పూడ్చకముందు, పూడ్చాక అని నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ను రెండు రకాలుగా నడిపిస్తే ఎగువన నీటి మట్టం పెరుగుతున్నట్టు స్పష్టంగా తేలింది. మన ఫ్యాక్టరీ పొడిగా ఉండటం కోసం పక్కవాళ్ల పొలం మునగడం నా దృష్టిలో అన్యాయం. నిబంధన ఉన్నా లేకపోయినా ఆ రిపోర్టు మీద నేను సంతకం పెట్టేవాణ్ని కాదు. చివరికి ఆ దారిని వెడల్పు చేసి వదిలేశారు, రెండు ట్యాంకులు తగ్గాయి.

సమీక్షలో అధికారులు ఎక్కువగా అడిగింది వరద నీటిని ఆపే కట్ట తెగితే ఏంటని. ఆ పరిస్థితిని ముందే మోడల్ చేసి ఉంచాం కాబట్టి ఆ భాగం తొందరగానే గట్టెక్కింది. అనుమతి కొన్ని షరతులతో వచ్చింది. అందులో ఒకటి నేనే అడిగి పెట్టించాను: పోసిన మట్టి కుంగాక మళ్లీ లెవెళ్లు తీయాలి, డిజైన్ మట్టం కంటే తగ్గినట్టు తేలితే సరిచేసేదాకా రసాయనాలు నింపకూడదు.