వీధివైపు కంచె మార్పు: ఇప్పటివరకు జరిగిన పని

అమెరికాలో మేము ఉంటున్న ఇల్లు 1920లలో కట్టినది. మా వీధిని నగర పాలక సంస్థ చారిత్రక పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. ఇంటి ముందు 42 అంగుళాల ఎత్తున్న తెల్లరంగు కర్ర కంచె ఉండేది. నడుమ గేటు, దానికి అటూ ఇటూ 21 అడుగుల చొప్పున కంచె. గత చలికాలపు గాలివానకు ఒక పక్క మొత్తం కాలిబాట మీదికి వాలిపోయింది. గడ్డపారతో పొడిచి చూస్తే ఎనిమిది స్తంభాలూ నేలమట్టం దగ్గర పుచ్చిపోయి ఉన్నాయి.

మొత్తం పీకేసి కొత్తది వేసుకుందామనే ఉద్దేశంతోనే దరఖాస్తు నింపడం మొదలుపెట్టాను. దేశస్థాయి జాబితా అయిన చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో చోటు దక్కినంత మాత్రాన, సొంత డబ్బుతో చేసుకునే పనికి అక్కడి నుంచి అభ్యంతరమేమీ రాదు. మాకు వర్తించేది స్థానిక శాసనం. దాని ప్రకారం వీధికి కనిపించే ఏ మార్పుకైనా ముందుగా ‘సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్’ అనే అనుమతిపత్రం తీసుకోవాలి. వినైల్ అనే ప్లాస్టిక్ కంచెకు ఇక్కడ అనుమతి లేదు. దరఖాస్తు పరిశీలించిన ఉద్యోగి నన్ను అడిగినది ఒకే ప్రశ్న: స్తంభాలు పుచ్చాయి సరే, వాటి ముందున్న నిలువు బద్దలు కూడా పుచ్చాయా? సమాఖ్య ఇంటీరియర్ శాఖ పునరుద్ధరణ ప్రమాణాలలో ఆరవది చెప్పేదీ అదే. పాడైనదాన్ని వీలైనంతవరకు బాగుచేయాలి. మార్చక తప్పనప్పుడు కొత్తది ఆకృతిలోను, రంగులోను, వీలైతే కలపలోను పాతదానితో సరిపోలాలి. బద్దలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాక, గేటువి కలుపుకొని 104 బద్దలలో 61 గట్టిగానే ఉన్నట్లు తేలింది. నిదానంగా పెరిగిన పాత చెట్ల చేవకర్ర అది, వలయాలు బాగా దగ్గరగా ఉన్నాయి. అంత చిక్కటి కలప ఇప్పటి దుకాణాలలో దొరకడం కష్టం. వాటిని చెత్తలో వేయబోయినందుకు నాకు నిజంగా బాధ కలిగింది.

విప్పడానికి ముందు చేసిన కొలతలే ఈ పనికంతటికీ ఆధారమయ్యాయి. బద్ద వెడల్పు 2.75 అంగుళాలు, బద్దకూ బద్దకూ మధ్య ఖాళీ 2.5 అంగుళాలు. ఒక పొడవాటి కొలకర్ర తీసుకుని, దాని మీద ప్రతి బద్ద అంచునూ పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నాను. మా స్థలం ఒక చివర నుంచి రెండో చివరకు 5 అంగుళాలు పల్లం. పాత వడ్రంగి కంచెను మెట్లుగా విరవకుండా, అడ్డపట్టీలను నేల వాలుతోపాటే నడిపించి, బద్దలను మాత్రం నిట్టనిలువుగా నిలబెట్టాడు. ఫొటోలో ఇది సరిగా తెలియదు; కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఇటువంటి పని తలపెట్టినవారు మొదటి మేకు ఊడదీయకముందే కొలతలన్నీ కాగితం మీద పెట్టుకోవాలి.

అమెరికాలో ఇళ్ల రంగులలో సీసాన్ని నిషేధించినది 1978లో. మా బద్దల మీది అడుగు పొరలను పరీక్షిస్తే సీసం ఉన్నట్లు తేలింది. సీసపు దుమ్ము విషం, అందువల్ల పొడిగా గీకడం, మర పెట్టి సానపట్టడం పూర్తిగా మానుకున్నాను. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, తగిన మాస్కు పెట్టుకుని, నీళ్లు చిమ్ముతూ తడిగానే గీకాను. ఈ పనికే దాదాపు మూడు వారాంతాలు పట్టాయి. పిల్లలను ఆ చాయలకు రానివ్వలేదు.

గుంతలు తవ్వడానికి కొద్ది రోజుల ముందే తవ్వేముందు సమాచారం ఇవ్వడానికి ఉన్న 811 నంబరుకు ఫోను చేశాను. సంబంధిత సిబ్బంది వచ్చి భూగర్భ లైన్లకు రంగులతో గుర్తులు పెట్టి వెళ్లారు. గేటు పక్కన పసుపు గీత, అంటే గ్యాసు పైపు. అక్కడ మర వాడకుండా చేతిపారతోనే తవ్వాను. మా ప్రాంతంలో చలికి నేల 30 అంగుళాల లోతు దాకా గడ్డకడుతుంది కనుక, 42 అంగుళాలు తవ్వి, అడుగున 6 అంగుళాల కంకర వేసి, స్తంభం 36 అంగుళాలు భూమిలో ఉండేట్లు నిలబెట్టాను. స్తంభాలు బద్దల వెనుక ఉండి వీధికి కనిపించవు కాబట్టి, నేలలో పాతినా పుచ్చకుండా మందు పట్టించిన కలపను వాడటానికి అనుమతి ఇచ్చారు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: మందు బాగా ఎక్కిన కొసనే భూమిలోకి దించాలి, కోయవలసి వస్తే పైకొసనే కోసి, కోసినచోట కాపర్ నాఫ్తనేట్ అనే, కర్ర పుచ్చకుండా కాపాడే మందు పూయాలి. గేటు బరువు మోసే రెండు స్తంభాలకు మాత్రమే కాంక్రీటు వేసి, నీళ్లు నిలవకుండా దాని పైభాగాన్ని వాలుగా తీర్చాను. మిగిలిన వాటికి కంకరే దిమ్మిస కొట్టాను. కంకరలో నీరు కిందికి జారిపోతుంది, రేపెప్పుడైనా స్తంభాన్ని మార్చడం కూడా తేలిక.

అయిదో గుంతలో మేపుల్ చెట్టు వేరు అడ్డువచ్చింది, మందం రెండంగుళాల పైమాటే. అంత వేరును నరికితే చెట్టుకు చేటు కనుక, ఆ స్తంభాన్ని 9 అంగుళాలు పక్కకు జరిపాను. స్తంభం బద్దల వెనుక ఉండటం ఇక్కడ కలిసివచ్చింది; బద్దల వరుసలో ఏ తేడా రాలేదు.

కొత్తగా కావలసిన 43 బద్దలకు వెస్టర్న్ రెడ్ సెడార్ అనే కలప తీసుకున్నాను. పాత బద్ద మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, దుకాణంలో దొరికే మామూలు పలక ముప్పావు అంగుళమే. పాతవాటి పక్కన ఆ తేడా తెలిసిపోతుంది. అందుకని అంగుళం పలకలు కొని, చిత్రిక పట్టించి ఆ మందానికి తెచ్చుకున్నాను. సెడార్‌లోని టానిన్లు అనే సహజ రసాయనాలు మామూలు ఇనుముతో కలిస్తే నల్లటి చారలు కడతాయి, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడుతున్నాను. బిగించడానికి ముందే ప్రతి బద్దకూ అన్ని వైపులా ఆయిల్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేశాను, కొసలకు రెండుసార్లు వేశాను, ఎందుకంటే కర్ర నీళ్లు పీల్చేది ప్రధానంగా కొసల నుంచే. పాత బద్దలు నేలకు ఆని ఉన్నచోటే పుచ్చాయి కనుక, ఇప్పుడు వాటికీ నేలకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను.

ఈ ఆదివారానికి ఎడమపక్క 48 బద్దలూ ఎక్కాయి. పాతవీ కొత్తవీ కలగలిపి బిగించాను, కాలిబాట మీద నిలబడి చూస్తే ఏది ఏదో నాకే తెలియడం లేదు. కుడిపక్క అడ్డపట్టీలు బిగించడం పూర్తయింది, బద్దలు వచ్చే వారం. గేటు పాత గడియకు తుప్పు వదిలించి నూనె పెట్టి ఉంచాను. కాంక్రీటు పూర్తిగా గట్టిపడ్డాక గేటును తగిలిస్తాను.